బోర్డు లేని మెట్లు

జూన్ 4

అమ్మలూ,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అందింది అనడం కూడా తప్పే, పోస్టుమాన్ చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. మొదటిసారి గుమ్మంలోనే నిలబడి చదివాను. రెండోసారి మీ అమ్మకి చదివి వినిపించాను. ఆ తర్వాత మళ్లీ ఒకసారి ఎవరికోసమూ కాకుండా ఊరికే చదువుకున్నాను. ఆస్పత్రి నుంచి వచ్చాక చుక్క ముట్టలేదనీ, మళ్లీ స్కూలు బస్సు ఎక్కావనీ, పిల్లలు ఒక్కొక్కరే మెట్టెక్కుతుంటే స్టీరింగు మీద నీ చెయ్యి వణకలేదనీ రాశావు చూడు, అక్కడ నా కళ్లజోడు మసకబారింది. మీ అమ్మ చూడలేదనుకున్నాను. "ముందు కళ్లు తుడుచుకోండి, కాగితం తడిసిపోతుంది" అంది.

ఫోను చెయ్యొద్దన్నావు, సరే. నాకు వినపడదు కాబట్టి నేను అరుస్తాను, నేను అరిస్తే వీధి వీధంతా వింటుంది. ఉత్తరమైతే నోరు మూసుకుని వెళ్తుంది. ఇంట్లో నోరు మూసుకుని ఉండేది అదొక్కటే అని మీ అమ్మ అంటోంది.

స్కూల్లో కామెర్లని చెప్పావు కదా, ఆ మాట మీదే ఉండు. మేమూ ఇక్కడ కామెర్లనే చెబుతున్నాం. డాక్టరుగారు నీతో అన్న మాట నాకు బాగా నచ్చింది. "నా మందులు ఒంటికి. మిగతాది నీలాంటి వాళ్ల మధ్య కూర్చుంటేనే కుదురుతుంది." మీ ఊళ్లో వారానికొకసారి అలా కూర్చునే వాళ్లున్నారని ఆయన విన్నాడు గానీ ఎక్కడో తెలియదన్నాడట. తెలియకపోతే వెతుకు తల్లీ. ఊరన్నాక దొరక్కుండా పోదు.

అన్నట్టు నీ బస్సు వెనక నేను రాసిన అక్షరాలు ఎలా ఉన్నాయి? ఎండకి పసుపు వెలిసిందా? మూలన నా పిచ్చుక ఉందా, ఎవరైనా తుడిచేశారా? ఏ పని చేసినా కింద కుడివైపు మూలన పిచ్చుక బొమ్మ వెయ్యందే నాకు చెయ్యి కడుక్కోబుద్ధి కాదు. ఈ ఊళ్లో నా పేరు ఎవరికీ తెలియదు, పిచ్చుక పెయింటరంటే చాలు.

ఇవాళ అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. నీవల్లే.

సంతోషం పట్టలేని
నాన్న


జూన్ 13

నాన్నా,

దొరికింది.

ఎంత తిరిగానో చెబితే నవ్వుతావు. తాగుడు మానేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని నోరు తెరిచి అడగలేను కదా. గురువారం సాయంత్రం ఏదో మీటింగు జరుగుతుందట, ఎక్కడండీ అని మందుల షాపులో అడిగాను. అతను ఎంతో ధీమాగా ఒక హాలు చూపించాడు. వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఒకాయన లేచి మనిషి ప్రాణానికి ఏ గడియలో ఏమవుతుందో తెలియదని మొదలుపెట్టాడు. సరైన చోటికే వచ్చాననుకుని ముందుకు వంగి విన్నాను. తీరా చూస్తే అది ఇన్సూరెన్స్ ఏజెంట్ల మీటింగు. క్యాలెండరు చేతిలో పెట్టి పంపించారు.

చివరికి ఆస్పత్రిలో నాకు సూదులు వేసిన ఆవిడ కనపడితే దారి చెప్పింది. బజారు వీధి చివర సైకిల్ షాపు ఉంది. దాని పక్కన ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవాల్సినంత సందు. సందులో ఇనప మెట్లు. పైన టైపు నేర్పించే గది. గురువారం ఆరింటికి అక్కడ టైపు మిషన్లన్నీ గోడకి జరిపి కుర్చీలు వేస్తారు. బయట బోర్డు లేదు, గుర్తు లేదు. తెలిసినవాళ్లకి తప్ప అక్కడ అలాంటిదొకటుందని తెలియదు.

అక్కడ ఎవరికీ పేర్లు లేవు నాన్నా. చేసే పనితోనే పిలుచుకుంటారు. బ్యాంకు దగ్గర కాపలా ఉండే వాచ్‌మన్‌గారు అందరికంటే పెద్ద, ఆయనే కుర్చీలు వేస్తారు. టైలరమ్మ ఉంది. నర్సమ్మ వస్తుంది గానీ ముఖానికి కండువా కప్పుకునే మెట్లెక్కుతుంది. ఒక గుమస్తా. నన్ను డ్రైవరమ్మా అన్నారు. నా వంతు వచ్చినప్పుడు ఏదో చెప్పబోయి ఏడ్చాను. ఎవరూ ఊరుకోబెట్టలేదు, ఎవరూ తొందరపెట్టలేదు. గుమస్తా తన కుర్చీ కొంచెం నా వైపు జరిపాడు, అంతే.

అక్కడ ఒకటే నియమం. విన్నది అక్కడే వదిలెయ్యాలి, చూసినవాళ్లని బయట చూడనట్టే ఉండాలి. కాబట్టి ఇది నీకూ అమ్మకూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. స్కూలువాళ్లకి తెలిస్తే ఆ రోజే బస్సు తాళాలు తీసేసుకుంటారు. నిన్ను బతిమాలుతున్నాను.

నీ
అమ్మలు


జూన్ 18

నా బంగారు తల్లీ,

నిన్నటి నుంచి నా కాళ్లు నేల మీద లేవు. నిచ్చెన ఎక్కి సగం అక్షరం రాసి, మిగతా సగం మర్చిపోయి నవ్వుకుంటూ నిలబడ్డాను. కింద బట్టల షాపాయన "ఏం పెయింటరూ, గోడ నీతో జోకులేస్తోందా" అన్నాడు.

ఎవరికీ చెప్పలేదు. ఒట్టు. సెలూనతనికి మాత్రం, గడ్డం గీస్తూ నా ముఖం చూసి అడిగాడు కాబట్టి, మా అమ్మాయికి మంచి రోజులొచ్చాయని ఒక్క ముక్క అన్నాను. "పెళ్లా?" అన్నాడు. "అంతకంటే పెద్దది" అన్నాను. ఇంక చూస్కో, సాయంత్రానికల్లా వీధిలో నలుగురు పెళ్లికొడుకు ఏం చేస్తాడని అడిగారు. మీ అమ్మ నాతో రాత్రి దాకా మాట్లాడలేదు.

తల్లీ, నాకొక్కటే అర్థం కాలేదు. అంత మంచి చోటికి బోర్డు లేకపోవడమేమిటి? జోళ్లు కుట్టే అతనికి బోర్డుంది. పళ్లు పీకే అతనికి బోర్డుంది. మనిషిని బతికించే చోటికి మాత్రం లేదా? నువ్వంటే మొండిదానివి, ఏజెంట్ల మీటింగులో కూర్చుని కూడా వదల్లేదు. అందరూ నీలా ఉంటారా?

ఇదే మాట మీ అమ్మతో అంటే, "వాళ్లకి కావాలంటే వాళ్లే పెట్టుకోరా? మీ అక్షరాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారా?" అంది. ఆవిడకి నా పనంటే మొదట్నుంచీ చిన్నచూపే.

ఊరికే అడుగుతున్నాను, సైకిల్ షాపు గోడ ఏ రంగు? వీధి వైపు ఖాళీ ఎంత ఉంటుంది?

ఉబ్బితబ్బిబ్బవుతూ
నాన్న


జూన్ 27

నాన్నా,

కూతురు మనుషుల మధ్య పడిందని రాస్తే గోడ ఏ రంగని అడిగేది నువ్వొక్కడివే. వెలిసిన నీలం. సందు మొదట్లో మూడు మూరల ఖాళీ ఉంటుంది. చాలా?

సెలూన్లో ఆ ఒక్క ముక్క కూడా అనకుండా ఉండాల్సింది.

ఈ గురువారం మనసేం బాగాలేదు. పోయిన వారం ఒకావిడ వస్తానని వాచ్‌మన్‌గారికి కబురు చేసిందట. వచ్చింది కూడా. సైకిల్ షాపు ముందు అటూ ఇటూ తిరిగి, మెట్లు కనపడక, అడగడానికి నోరు రాక వెనక్కి పోయిందట. నేరుగా బజారు మూలనున్న మందు కొట్టుకే పోయింది. ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదట. నేను ఎక్కిన మెట్లే నాన్నా. నాకు కనపడ్డాయి, ఆవిడకి కనపడలేదు.

ఆ కొట్టు ముందు నుంచే నేనూ నడవాలి. కొట్టతను నన్ను మర్చిపోలేదు. రోజూ చెయ్యి ఎత్తుతాడు, పాత స్నేహితుడిలాగా. తల వంచుకుని పోతాను.

ఇంకొకటి. స్కూల్లో బస్సులు చూసుకోవడానికి కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. మనిషి నెమ్మది, కానీ మాట్లాడుతున్నప్పుడు మన నోటి దగ్గరికి వంగి వింటాడు. సరిగ్గా ఆ బజారు వీధిలోనే మేడ మీద ఇల్లు తీసుకున్నాడు. అందుకని గురువారాలు నేను బజారు వైపు మానేసి చుట్టూ తిరిగి సందు వెనక నుంచి వస్తున్నాను.

ఆదివారం ఆరో తారీఖున పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లాలి. తెల్లారకముందే బయల్దేరితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం.

అమ్మలు


జూలై 7

నా తల్లీ, నా అమ్మలూ,

కూర్చున్నావా? కూర్చుని చదువు. నిన్న నేను మీ ఊరు వచ్చాను.

నువ్వు యాత్రకి పోతావని తెలిసే వచ్చాను. నువ్వుంటే వద్దంటావు, నీకు మొహమాటం ఎక్కువ. ఆ తిరిగి వెళ్లిపోయినావిడ సంగతి చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. ఒక్క బాణం గుర్తు, తల్లీ. గోడ మీద ఒక్క బాణం గుర్తుంటే ఆవిడ పైకి వచ్చేది. ఆ ఏడుపుతోనే రేకు కోయించాను, ఆ ఏడుపుతోనే రంగు కలిపాను. అక్షరాలు రాయడం మొదలుపెట్టాక మాత్రం సంతోషమొచ్చేసింది. ఇంత అందంగా నేనెప్పుడూ రాయలేదు.

నీలం గోడకి పసుపు ఎంత నప్పిందో నువ్వు చూసే ఉంటావు. "తాగుడు మానినవారూ, మానాలనుకునేవారూ కలిసే చోటు. ప్రతి గురువారం సాయంత్రం ఆరింటికి. మేడ మీద. ఎవరైనా రావచ్చు, సిగ్గుపడకండి." సిగ్గుపడకండి అన్నది నా సొంతం. బాణం ఎంత పెద్దదంటే బజారు మొదట్లోంచే కనపడుతుంది. నాలుగు మూలలా బోల్టులు బిగించాను. గాలివానకి గోడ పోవాలి గానీ బోర్డు పోదు.

సైకిల్ షాపాయన నిచ్చెన ఇచ్చాడు. "ఎవరు పెట్టమన్నారు?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేదండీ, మా అమ్మాయికి ఈ మెట్లే ప్రాణం పోశాయి, స్కూలు బస్సు నడుపుతుంది, చూసే ఉంటారు అన్నాను. "ఓహో, ఆవిడా" అని చాలాసేపు తల ఊపాడు. మంచివాడు. నువ్వంటే గౌరవం ఉందని తెలిసిపోయింది.

ఎదురు మేడ మీద ఒకాయన కాఫీ తాగుతూ పనంతా అయ్యేదాకా నిలబడి చూశాడు. పనంటే అంత ఇష్టం ఉన్నవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారు? నేను చివరికి పిచ్చుకని వేస్తుంటే కిందికి దిగి వచ్చాడు కూడా. చాలా నెమ్మదైన మనిషి. నాకు చెవుడని కనిపెట్టాడేమో, దగ్గరికి వంగి మాట్లాడాడు. "ఈ పిచ్చుకని ఎక్కడో చూసినట్టుందండీ" అన్నాడు. చూడకేం, మా పిచ్చుక చాలా చోట్ల ఎగురుతుంది అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తిరుగు బస్సులో పక్కనున్నాయన నిద్రపోతుంటే కూడా లేపి చెప్పాలనిపించింది. చెప్పలేదు. నీ మాట గుర్తుంది.

గురువారం ఎంతమంది కొత్తవాళ్లొచ్చారో రాయి. కుర్చీలు సరిపోకపోతే చెప్పు.

ఆనందంతో
నాన్న


జూలై 16

అమ్మలూ,

వారం దాటింది, నీ ఉత్తరం లేదు. నీకు నోట మాట రాలేదని నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే, కొత్త గౌను చూపిస్తే మూలకి పోయి గోడ వైపు తిరిగి నిలబడేదానివి.

మీ అమ్మ మాత్రం రెండు రోజుల నుంచి గుమ్మంలోనే కూర్చుంటోంది. "అది కోపంతో రాయడం లేదు" అంటుంది. సంతోషానికీ కోపానికీ తేడా తెలియని మనిషి.

నువ్వు సందు వెనక వైపు నుంచి వస్తున్నానని రాశావు కదా, అటు చివర ఇంకో చిన్న బోర్డు పెడదామా? రేకు మిగిలింది.

నాన్న


జూలై 17

నాన్నా,

నీ మీద కోపం లేదని మొదలుపెట్టి మూడు కాగితాలు చింపాను. ఉంది. అందుకని అది వదిలేసి జరిగింది రాస్తాను.

పోయిన గురువారం నేను చుట్టూ తిరిగి వెనక నుంచి రాబట్టి బోర్డు చూడకుండానే పైకి ఎక్కాను. లోపల ముగ్గురే ఉన్నారు. కిటికీ కింద వీధిలోంచి ఎవరో "పైన మాన్పిస్తారా, పోస్తారా" అని కేకేశారు, నలుగురు నవ్వారు. టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఎవరెవరు ఎక్కుతున్నారో చూస్తున్నారట. నర్సమ్మ సందు చివరి దాకా వచ్చి, కండువా సర్దుకుని తిరిగి వెళ్లిపోయింది. వెళ్లిపోవడం నేనే కిటికీలోంచి చూశాను. గుమస్తా అసలు రాలేదు.

టైలరమ్మ నన్ను చూసి, "సైకిల్ షాపాయన చెప్పాడు. మీ నాన్నగారట కదా, డ్రైవరమ్మా" అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. వాచ్‌మన్‌గారు కుర్చీలు మడిచారు. మర్నాడు టైపు గది యజమాని తాళం మార్చాడు.

నువ్వు కలిసి నవ్వుకున్న ఆ నెమ్మదైన మనిషి మా సూపర్‌వైజరు. సోమవారం పొద్దున బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక ఆగి, పిచ్చుక మీద బొటనవేలు పెట్టాడు. "నీకొచ్చింది కామెర్లన్నావు కదమ్మా" అన్నాడు. తాళాలివ్వమని చెయ్యి చాపాడు. పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. వాళ్ల ముందే దిగాను.

ఇప్పుడు నన్ను పాత టైర్లు పడేసిన గదిలో కూర్చోమన్నారు. ఏమీ చెయ్యక్కర్లేదు, కూర్చోవడమే. రబ్బరు వాసనకి నోరు ఎండిపోతుంది.

ఇంకా తాగలేదు. నువ్వు ఏమీ చెయ్యొద్దు. ఏమీ.

అమ్మలు


జూలై 30

నాన్నా,

అమ్మ రాసింది, నువ్వు మంచం దిగడం లేదని. దిగు. అన్నం తిను.

వాళ్లు ఇంకెక్కడో కూర్చుంటున్నారు. ఎక్కడో నాకు చెప్పరు. టైలరమ్మ షాపుకి వెళ్లాను. ఎవరిదో చొక్కా చెయ్యి కుడుతోంది. తల ఎత్తకుండానే "నాకు తెలియదమ్మా" అంది. మిషను తొక్కడం కూడా ఆపలేదు. ఆవిడ తప్పు లేదు. నా వెనకాల ఎవరు వస్తారో ఆవిడకేం తెలుసు?

గురువారం సాయంత్రాలు ఊరికే నడుస్తున్నాను. వెలుగున్న కిటికీ కనపడితే ఆగి చూస్తాను, కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయేమోనని. భోంచేస్తున్నవాళ్లు లేచి తెర వేసుకుంటారు.

మందు కొట్టతను రోజూ చెయ్యి ఎత్తుతాడని రాశాను కదా. నిన్న నేనూ ఎత్తాను.

నువ్వు రావద్దు. వస్తే తలుపు తియ్యను.


ఆగస్టు 7, గురువారం, నీ గది బయట

అమ్మలూ,

వచ్చాను. తలుపు తియ్యనని ముందే రాశావు, మాట మీద నిలబడ్డావు. అందుకే మెట్ల మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

సోమవారమే వచ్చాను. బస్టాండు దగ్గర గదిలో ఉంటున్నాను. మొదట బోర్డు తీసేశాను. నేను బిగించిన బోల్టులు నాకే రాలేదు, గోడ పెళ్లలతో సహా ఊడదీయాల్సి వచ్చింది. ఎదురు మేడ మీద ఆయన మళ్లీ కాఫీ తాగుతూ చూశాడు. ఈసారి కిందికి దిగలేదు.

తర్వాత బ్యాంకు దగ్గరికి పోయాను. గేటు పక్క బల్ల మీద వాచ్‌మన్‌గారు ఉన్నారు. పక్కన కూర్చున్నాను. మీ అమ్మకి చెబితే నమ్మదు గానీ, రోజంతా కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ వెళ్లాను, అలాగే. నిన్న ఆయనే అడిగాడు.

"ఎవరి కోసమయ్యా ఈ కాపలా?"

"నా కోసమేనండీ. తాగుడు మానాలి" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాణ్ణి, ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. నిన్ను గురించి ఇంకో మనిషి దగ్గర నోరు విప్పకూడదనుకున్నాను, అంతే.

ఆయన నా చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. "ఆ రంగు నాకు తెలుసు" అన్నాడు. లేచి గేటు తీసి ఎవరినో లోపలికి పంపి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. లేచి వచ్చేద్దామా అనుకుంటున్నప్పుడు చెవి దగ్గరికి వంగి చోటు చెప్పాడు. "ఒక్కసారే చెబుతాను. కాగితం మీద పెట్టకు. నువ్వు గుమ్మం దాకానే, లోపలికి రాకు. డ్రైవరమ్మ కుర్చీ తీసెయ్యలేదని చెప్పు."

అమ్మలూ, ఇంత సంతోషం నాకు బోర్డు రాసిన రోజున కూడా లేదు. బ్యాంకు ముందు నిలబడి ఏడ్చాను. ఆయన "ఏడిస్తే అటు పోయి ఏడువు, జనం చూస్తారు" అన్నాడు. అటు పోయి ఏడ్చాను.

నీ ఇంటి యజమానురాలు, నువ్వు నిన్నటి నుంచి బయటికి రాలేదంది. భోజనం గుమ్మంలో పెడితే అలాగే ఉందంది. ఆవిడకి ఏమీ చెప్పలేదు, కామెర్లని కూడా చెప్పలేదు.

ఇందాక తలుపుకి మంచి చెవి ఆనించాను. లోపల గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడైంది. నాకే వినపడిందంటే గట్టిగానే పెట్టి ఉంటావు. మంచినీళ్లేనని నేను అనుకుంటున్నాను. కాకపోయినా ఫరవాలేదు. ఆ మాట కూడా వాచ్‌మన్‌గారిని అడిగి వచ్చాను. తాగి వచ్చినవాళ్లని కూడా కూర్చోబెడతారట. గోడకి ఆనుకునే కుర్చీ ఇస్తారట, అంతే తేడా.

ఆరింటికి మొదలు. ఇంకా టైముంది. నేను ముందు నడుస్తాను, నువ్వు ఎంత దూరంలోనైనా వెనక రా. తల తిప్పి చూడను. వచ్చావో లేదో చూడకుండా అంత దూరం నడవడం ఈ నాన్నకి ఎంత కష్టమో నీకు తెలుసు, అయినా చూడను. ఆ గుమ్మం దగ్గర క్షణం ఆగి ముందుకు వెళ్లిపోతాను. ఎక్కడ ఆగానో అదే.

ఈ కాగితం తలుపు కిందనుంచి తోస్తున్నాను. సగమే తోస్తాను. అటు కొస నువ్వు పట్టుకున్నట్టు తెలిసేదాకా ఇటు కొస వదలను. వంగితే నడుం పట్టేస్తుంది, అయినా ఇలాగే ఉంటాను. లాగు తల్లీ.

నాన్న